బిందె సాక్ష్యం

మార్కాపురంలో ‘నీడ డిటెక్టివ్ సంస్థ’ ప్రారంభమైందని, అది అత్యంత రహస్యంగా పనిచేస్తుందని ఆటోకు మైకు కట్టి మూడు రోజులు చాటించారు. సంస్థ అధిపతి, ప్రధాన పరిశోధకుడు, ఆఫీసు ఊడ్చేవాడు అన్నీ నిత్యానందమే. ఆయన దగ్గర నల్లకళ్లద్దాలు, కెమెరా, నోటుపుస్తకం ఉన్నాయి. ఇంతకంటే తక్కువ సరంజామాతో కొన్ని ప్రభుత్వ శాఖలే నడుస్తున్నాయి.

మొదటి క్లయింటు పలకల క్వారీ యజమాని వెంకటసుబ్బయ్య. ఆయన క్వారీలో బండ జారిపడి కోటయ్య అనే కూలీకి నడుము విరిగింది. బరువులు ఎత్తకూడదని డాక్టరు రాసిచ్చాడు. కోటయ్య పరిహారం కోసం కేసు వేశాడు. అయితే కోటయ్య నడుము మీద కోటయ్య కంటే యజమానికే నమ్మకం ఎక్కువ. అది గట్టిగానే ఉందని, ఒక్క ఫొటో దొరికితే చాలని ఆయన నిశ్చితాభిప్రాయం.

కోటయ్య ఊరు పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఉంది. నిత్యానందం అతని ఇంటి ఎదుట వేపచెట్టు కింద కూర్చుని, తాను ఎవరి కంటా పడలేదని నోటుపుస్తకంలో నమోదు చేసుకున్నాడు. అప్పటికి ఆయన్ని పదకొండు మంది చూస్తున్నారు. ఏ పనీ చేయకుండా నీడన కూర్చుని రాసుకునేవాడు కచ్చితంగా ప్రభుత్వ అధికారేనని ఊరు తీర్మానించింది. ఊరి అనుభవం అలాంటిది.

ట్యాంకరు నాలుగు రోజులకోసారి వచ్చే ఊరు గనుక, ఆయన నీళ్ల ఎద్దడి రాసుకోవడానికే వచ్చాడని కూడా తేలిపోయింది. గంటలో ఆధార్ జిరాక్సులతో వరుస కట్టారు. అందరికంటే ముందు నిలబడిన ఏబేలు అనే పెద్దాయన, "బోరు ఎండిపోయి మూడేండ్లాయె సారూ, ఉన్నది ఉన్నట్ల రాసుకోండి" అన్నాడు. గుట్టు బయటపడకూడదు గనుక నిత్యానందం రాసుకున్నాడు. సాయంత్రానికి అరవై ఇళ్లు పూర్తయ్యాయి. నిజమైన అధికారి ఎవరూ ఆ ఊళ్లో ఇంత పని చేసిన దాఖలా లేదు.

మొదటి రెండు రోజులూ కోటయ్య భార్య దయామణి ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కోటయ్య మంచం దిగలేదు. నిఘాకు ఇది తీవ్ర విఘాతమని నిత్యానందం విచారించాడు.

మూడో రోజు దయామణి మిరప కోతలకు పోయింది. మిట్టమధ్యాహ్నానికి చెట్టు నీడ పక్కకు జరిగింది. కదిలితే కనపడతానని నిత్యానందం మాత్రం జరగలేదు. కాసేపటికి నాలుక పిడచగట్టి చెట్టుకు చేరగిలబడ్డాడు. అది చూసి కోటయ్య గోడ పట్టుకుని లేచాడు. ట్యాంకరు రావడానికి ఇంకా రెండు రోజులుంది. అయినా ఉన్న ఒక్క నిండు బిందెనూ ఎత్తుకుని వీధిలోకి వచ్చాడు.

"సారూ, ముఖం కడుక్కోని తాగండి" అన్నాడు. "మీరు పడిపోతే మా నీళ్ల సంగతి పైకి రాసేదెవురు?"

నిత్యానందం క్రమశిక్షణ గలవాడు. ముందు ఫొటో తీశాడు, తర్వాతే నీళ్లు తాగాడు. నొప్పికి కోటయ్య పళ్లు బిగించి ఉన్నాడు. నివేదికలో అది ‘పళ్లు కనిపించేలా నవ్వుతూ’ అయింది. ఆ తర్వాత వారం పాటు కోటయ్య లేవలేదు. ఆ ఫొటో ఎవరూ తీయలేదు.

విచారణలో బిందె ఫొటో చూపించారు. కోటయ్య దాన్ని చాలాసేపు చూశాడు.

"నీళ్లు తాగినాయన ఇందులో లేడేంది సారూ?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు కేసుతో సంబంధం లేదన్నారు. పరిహారం కేసు కొట్టేశారు.

నిత్యానందానికి మార్కాపురంలో ఘన సన్మానం జరిగింది. వెంకటసుబ్బయ్య శాలువా కప్పి, "సత్యం కోసం ఈ మహానుభావుడు మూడు రోజులు దాహాన్ని సైతం లెక్కచేయలేదు" అని గద్గదస్వరంతో ప్రసంగించాడు. అరవై ఇళ్ల నీళ్ల గోడు రాసిన పేజీలు క్లయింటుకు అవసరం లేదు గనుక చించి పారేశారు.

ఈ సంస్థను చూసి పాఠకులు జంకనవసరం లేదు. మన వీధిలో ఎవరైనా ఎండకు సొమ్మసిల్లితే మనం తలుపు వేసుకుని సీసీ కెమెరాలో చూస్తాం. మన మీద ఎన్నాళ్లు నిఘా పెట్టినా బిందె ఎత్తిన ఫొటో దొరకదు.