నోరు విప్పని అమ్మలు

ఆ పొద్దున దుర్గ అనుకున్నది ఇంతే: కూతురికి రెండు ఇడ్లీలు తినిపించి, జడ వేసి, బడికి తీసుకెళ్లడం. చీపురుపల్లిలో వాళ్ల వీధి చివరి బడిలో తెలివైన పిల్లల కోసం కొత్తగా జీనియస్ బ్యాచ్ పెట్టారు. ఆ రోజే ఎంపిక. భర్త హరిబాబు అప్పటికే ఎరువుల కొట్టు తెరవడానికి వెళ్లిపోయాడు.

గుమ్మం దాటబోతుంటే అత్తగారు మరిడమ్మ ఆపి, మనవరాలి బుగ్గన కాటుక చుక్క పెట్టింది.

"ఒసే అమ్మలూ, ఇటు సూడు. కొత్తోళ్లు ఏటడిగినా మనింటి సంగతులు సెప్పకు. దిష్టి తగుల్తాది."

ఐదేళ్ల అమ్మలు పెద్దవాళ్ల మాట తు.చ. తప్పని పిల్ల.

బడిలో తల్లిదండ్రుల్ని బయటే కూర్చోబెట్టారు. లోపల సుహాసిని టీచర్ ముద్దుగా అడిగింది. "నీ పేరేంటమ్మా?"

"సెప్పకూడదు."

"నాన్న ఏం చేస్తారు?"

"సెప్పకూడదు."

"చెప్పొద్దని ఎవరన్నారు?"

"అదీ సెప్పకూడదు."

ఎవరో పిల్లను బెదిరించి తీసుకొచ్చారేమోనని టీచరుకు అనుమానం వచ్చింది. పరుగున వెళ్లి హెడ్మాస్టరు గణపతిరావును తీసుకొచ్చింది. ఆయన దుర్గను లోపలికి పిలిచి, "ఈవిడ నీకేమవుతుంది?" అని పిల్లను అడిగాడు. అమ్మలు తల్లివంక చూసింది. కళ్లనిండా నీళ్లు, పెదవులు మాత్రం బిగించింది.

"నేను తల్లినండీ!" అంది దుర్గ.

"పాప చెప్పాలి కదమ్మా," అంటూ ఆయన గేటు వేయించాడు.

దుర్గ ఫోన్ చేయగానే హరిబాబు ఒంటినిండా ఎరువు దుమ్ముతో వచ్చి, "నా కూతుర్ని నాకియ్యరేటి?" అని కేకలేశాడు. ఈయనెవరని అడిగితే అమ్మలు అడ్డంగా తలూపింది. అంతే, గేటు దగ్గర జనం మూగారు. పిల్లల్ని ఎత్తుకుపోయే మొగుడూపెళ్లాలు దొరికారన్న వార్త వీధంతా పాకింది.

అది విన్న మరిడమ్మ చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఏరీ ఆ దొంగలు?" జనం చూపించారు. చీపురు గాల్లోనే ఆగిపోయింది.

"ఓలమ్మో! ఈడు నా కొడుకు! అమ్మలూ, సెప్పీవే తల్లీ, అన్నీ సెప్పీ!"

అమ్మలు గుక్క తిప్పుకోకుండా అందుకుంది. "నా పేరు అరుణశ్రీ. నాన్నకి ఎరువుల కొట్టున్నాది. నాయనమ్మ గుర్రు పెడతాది. నాకు సీటు రాకపోతే ఎలాగని అమ్మ నిన్న వంటింట్లో ఏడిసింది. నాను సూసాను."

పాప చూస్తోందని దుర్గకు తెలియనే తెలియదు. నేలమీదే చతికిలబడి కూతుర్ని పొదువుకుంది. "నాకు సీటొద్దే అమ్మా. నువ్వుంటే సాల్నాకు."

"మరి ఏడవ్వు కదా?"

"ఏడవను," అంటూనే ఏడ్చింది దుర్గ.

గణపతిరావు కళ్లజోడు తుడుచుకున్నాడు. "పాపకి ఏ బ్యాచీ అక్కర్లేదమ్మా, మామూలు క్లాసులోనే హాయిగా చదువుకుంటుంది. కానీ పిల్లలకి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నేర్పడానికి వచ్చే శనివారం నుంచి పెద్దవాళ్లకి క్లాసులు పెడుతున్నాం. దానికి మాత్రం మిమ్మల్ని ఏ పరీక్షా లేకుండా తీసుకుంటాం."

శనివారం ముగ్గురూ వెళ్లారు. మరిడమ్మ మొదటి బెంచీ ఎవరికీ వదల్లేదు.