మబ్బుల ఊరికి ప్రెసిడెంటుగారి తలూపు

ఒసాకాలో తాను బొమ్మలు గీసే చిన్న వీడియోగేమ్ కంపెనీకి బయల్దేరుతూ చిజూరు ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మీటింగులో తన బొమ్మ చూపించాలి, ప్రెసిడెంటుగారు తల ఊపగానే కూర్చోవాలి. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు చెమటలు పడతాయి. అందుకని రైల్లో నిలబడి కిటికీ అద్దానికి అంతా వివరంగా చెప్పి చూసుకుంది. పక్కనున్న పెద్దమనిషి మర్యాదగా అవతలి తలుపు దగ్గరికి జరిగాడు.

ఆ కంపెనీకి అన్నం పెడుతున్నది "మబ్బుల ఊరు" అనే ఆట. ఒక అన్న, ఒక చెల్లెలు కలలోకి వెళ్ళి ఆకాశమంతా ఎగురుతుంటారు. ఇప్పుడు దానికి రెండో భాగం తయారవుతోంది. మొదటి భాగంలో ఆ పిల్లలు పాపం ఎక్కడా ఆగరు. ఈసారైనా వాళ్ళను కాసేపు కూర్చోబెట్టాలని చిజూరు కోరిక. మబ్బుల మధ్య ఒక వేణ్ణీళ్ళ స్నానశాల, దానికి పెంకుల కప్పు, పక్కన పొగగొట్టం. పిల్లలిద్దరూ ఆ కప్పు మీద దిగి, అన్నం ముద్దలు తిని, కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంటారు. అంతే. చలికాలమంతా ఆమె ఒక్కో పెంకూ గీసింది. ఈ రోజు ప్రెసిడెంటుగారు ఒప్పుకోకపోతే ఆ కప్పు ఆటలోంచి ఎగిరిపోతుంది.

"ఎగిరే ఆటలో కూర్చోవడమేంటండీ చిజూరుగారూ? పెళ్ళికి పిలిచి పస్తుండమన్నట్టుంది!" అన్నాడు అమ్మకాలు చూసే మిజోగుచి, మీటింగు మొదలవకముందే.

ప్రెసిడెంటు హతకెనాకగారు వచ్చి, కుర్చీలో ఒదిగి, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ ఆఫీసులో పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుంటే దాన్ని నిద్ర అనరు. లోతైన ఆలోచన అంటారు. లేపడం మహాపరాధం. లేపితే, ఆయన నిద్రపోయారని అందరి ముందూ చాటినట్టే కదా!

చిజూరు నేల చూపులు చూస్తూ చెప్పవలసిందంతా చెప్పేసింది. ఆమె ఆపగానే ప్రెసిడెంటుగారి తల మెల్లగా కిందికి వాలి, మళ్ళీ పైకి లేచింది.

"ఊపారు! ఊపారు!" అంటూ అందరూ చప్పట్లు కొట్టారు, చప్పుడు కాకుండా.

మిజోగుచి మొహం ముడుచుకుంది. అంతలోనే విప్పారింది. అతను ప్రెసిడెంటుగారి వైపు వంగి, "సార్, మన ఒసాకా ఆట కదా, ఆకాశంలో ఒక తకోయాకి బోండాల బండి పెడదామా?" అన్నాడు.

తల వాలింది. లేచింది.

సంగీతం కట్టే అమానో ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి రోజు కోసమే కాచుకున్నాడు. "సార్, ఆటలో వినపడే ఆ పిల్లనగ్రోవి తీసేసి పెద్ద డోళ్ళు వాయిస్తే?"

తల ఈసారి మరీ కిందికి వాలింది. "చూశారా, బాగా నచ్చింది!" అని అమానో కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఆ తల ఎడమకీ కుడికీ ఊగింది.

"అడ్డంగా ఊపుతున్నారే! వద్దంటున్నారా?" అన్నాడు అమానో కంగారుగా.

"ఛ, బండి అటూ ఇటూ ఊగాలంటున్నారయ్యా. ఆయన మనసు నీకేం తెలుసు?" అన్నాడు మిజోగుచి.

అప్పుడే ప్రెసిడెంటుగారి గొంతులోంచి రంపం కోసినట్టు ఒక శబ్దం వచ్చింది. గదంతా బిగుసుకుపోయింది.

"గొంతు సవరించారు," అన్నాడు మిజోగుచి. "ఎదురుగా ఉన్న కప్పు బొమ్మ చూసే. ఒట్టి కప్పు వెలితిగా ఉందని ఆయన బాధ. బండి దాని మీదే పెట్టాలి."

"కళ్ళు మూసుకుని చూశారా?" అంది చిజూరు. కానీ ఆ మాట ఆమెకే వినపడింది.

అలా కప్పు మీదికి బండి ఎక్కింది. బండి చుట్టూ డోళ్ళు చేరాయి. పిల్లలు కూర్చోవడానికి చోటు లేదు. అన్నం ముద్దలు తీసేశారు, బోండాలకు పోటీ వస్తాయని. భోజనాల గంట మోగగానే ప్రెసిడెంటుగారు కళ్ళు తెరిచి, "బాగుంది. నేను చెప్పినట్టే చేయండి," అన్నారు. ఆయనేం చెప్పారని వీళ్ళు అడగలేదు. తానేం చెప్పానని ఆయనా అడగలేదు.

చిజూరు తన కప్పు మీద తానే బండి గీసింది. చక్రాలు గీస్తూ ముక్కు చీదుకుంది. ప్రెసిడెంటుగారి ఆజ్ఞ కాబట్టి, బండి నిజంగానే అటూ ఇటూ ఊగేలా చేసింది.

నెల తిరిగాక, ఆట ఎలా ఉందో చూడటానికి ఆఫీసువాళ్ళ పిల్లలను పిలిచారు. ప్రెసిడెంటుగారూ వచ్చి వెనక కూర్చున్నారు. అందరికంటే ముందు కూర్చున్నది మిజోగుచి కూతురు కొనాత్సు. ఆ పిల్ల అన్నాచెల్లెళ్ళను చకచకా ఎగరేసి, సరిగ్గా కప్పు మీద దింపింది. డోళ్ళు దద్దరిల్లాయి. బండి అటు ఊగింది, ఇటు ఊగింది. అది అంచుకు ఒరిగే దాకా ఆగి, కొనాత్సు దాన్ని ఒక్క తోపు తోసింది. బండి మబ్బుల్లోకి దొర్లిపోయింది. దాని వెనకే డోళ్ళన్నీ వరసగా పడిపోయాయి.

"అయ్యో, బండి పడేశావేంటే!" అన్నాడు మిజోగుచి.

"అడ్డంగా ఉంది నాన్నా. వీళ్ళు కూర్చోవద్దూ?"

ఇప్పుడు తెర మీద కప్పు, పొగ, ఇద్దరు పిల్లలు. చప్పుడు లేదు. కొనాత్సు వాళ్ళను చూస్తూ తనూ కాళ్ళు ఊపింది. కాసేపటికి కాళ్ళు ఆగాయి. తల కుర్చీ చేతి మీదికి వాలింది.

"చూశారా సార్!" మిజోగుచి లేచాడు. "కూర్చోబెట్టేసరికి పిల్లకి నిద్రొచ్చేసింది. నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నాను, ఈ కప్పు తీసేద్దామని!"

చిజూరు తల వంచుకుంది. ఈసారి కప్పు నిజంగానే పోయిందనుకుంది.

"ష్. లేపకు," అన్నారు ప్రెసిడెంటుగారు. పిల్లను చాలాసేపు చూసి, అన్నారు: "నేనూ సరిగ్గా ఇక్కడే నిద్రపోయాను."

పెద్దవాళ్ళ విషయంలో ఆ మాట ఆ గదిలో ఎప్పుడూ వినపడలేదు. అమానో టీ కింద పెట్టి ఆయన వైపు తిరిగాడు.

"ఆ రోజు ఈ అమ్మాయి చెబుతుంటే, ఆ పిల్లలతో పాటు నేనూ పెంకుల మీద కూర్చున్నట్టే అనిపించింది. హాయిగా ఉంది. ఆ తర్వాత నాకేం తెలీదు. అవునూ, ఇందాక పడింది, ఆ బండేమిటయ్యా?"

"మీరు తల ఊపారు సార్," అన్నాడు మిజోగుచి నీరసంగా.

"నిద్రలో మా ఆవిడ ఏమడిగినా ఊపుతాను. అందుకే మా ఇంట్లో మూడు పిల్లులున్నాయి."

బండి పోయింది. డోళ్ళు పోయాయి. పిల్లనగ్రోవీ, అన్నం ముద్దలూ తిరిగి వచ్చాయి. కప్పు ఉండిపోయింది. చిజూరు ఆ సాయంత్రం రైల్లో కిటికీ అద్దానికి ఆ సంగతి కూడా చెప్పింది.

ఆ తర్వాత ఏ మీటింగులోనైనా ప్రెసిడెంటుగారు కళ్ళు తెరుచుకుని శ్రద్ధగా వింటుంటే, చెప్పేవాళ్ళు తమది నచ్చలేదనుకుని కాగితాలు సర్దుకునేవాళ్ళు.