తలా ఒక గోలీ

మందు పూర్తిగా వాడితేనే జబ్బు తగ్గుతుందనేది వట్టి స్వార్థపరుల మాట! ఉన్నదాన్ని అందరూ తలా కొంచెం పుచ్చుకోవాలి. మా తిరుమలగిరి ధర్మ కమిటీలో నిన్నమొన్నటిదాకా ఉన్నవాణ్ణి, ఊరికే అనడం లేదు.

పోయినేడు శ్రీరామనవమికి ముందు హైదరాబాదు వ్యాపారి ఒకాయన, మందులు కొనలేని క్షయరోగుల కోసమని మాత్రల డబ్బా పంపాడు. మా ఎరుకలో అలాంటివాడు ఒక్కడే, ఎదురింట్లో మగ్గం నేసే లక్ష్మీనర్సయ్య. జానెడు బట్ట నేసేలోగా పదిసార్లు దగ్గుతాడు. రోజూ వేసుకుంటే డబ్బా అతనికి ఏడాదికి సరిపోతుందని దవాఖాన కాంపౌండర్ ఇస్రాయేలు చెప్పాడు.

ఒక్కడికే డబ్బానా? దేవుడి దగ్గర ఇలాంటి పక్షపాతం ఉంటుందా?

డబ్బాను సీతారాముల ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పానకంతో పాటు తలా ఒక గోలీ పంచాం. మోకాళ్ల నొప్పులకని జంగమ్మ తీసుకుంది. పంటి పోటుకని భిక్షపతి. ఏ జబ్బూ లేని వెంకటరాజం, ముందుముందు పనికొస్తుందని రుమాలు కొసకు ముడేసుకున్నాడు. లక్ష్మీనర్సయ్య కూడా వరుసలో నిలబడి, తన ఒక్కటీ కళ్లకద్దుకుని మింగాడు.

"అయ్యా, అందరికి పంచనీకి గిది పులిహోర గాదు," అన్నాడు ఇస్రాయేలు. "ఆయనకు డబ్బా మొత్తం కావాలె."

ప్రసాదం సంగతి ఇతనికేం తెలుసని జాలిపడ్డాను.

వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు పన్నెండు మాత్రలు రాశాడు. మా ఆవిడ శారదమ్మ వాటిని పళ్లెంలో పెట్టుకొచ్చి, "ఇంట్ల ఆరుగురం ఉన్నం. తలా రెండు పెట్టాల్నా?" అని అడిగింది. ముఖంలో నవ్వు లేదు.

పళ్లెం లాక్కున్నాను. పన్నెండూ నేనే మింగాను. పిల్లల్ని ఆ ఛాయలకు కూడా రానివ్వలేదు!

ఒళ్లు కుదుటపడి అరుగు మీద కూర్చున్ననాడు, ఎదురింటి నుంచి దగ్గు వినిపించింది. మగ్గం చప్పుడు మాత్రం వినిపించలేదు.

ఈ నవమికి మళ్లీ డబ్బా వచ్చింది. కొబ్బరికాయ కొట్టకముందే దాన్ని తీసుకెళ్లి లక్ష్మీనర్సయ్య చేతిలో పెట్టాను. సాయంత్రానికల్లా కమిటీ కూర్చుని నన్ను తీసేసింది. పక్షపాతినట!

నిజమే, పాఠకులారా. పన్నెండు మాత్రలూ ఒక్కడే మింగినవాడు ఇంకేమవుతాడు?