నూట పదహారు శాతం

మనిషి మాట మీద నమ్మకం పోయిన రోజున నాగరికత మొదలైంది. డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం నేర్చుకున్న రోజున అది పూర్తయింది.

నాకు హెచ్‌ఐవీ అని తేలి, మందులు మొదలుపెట్టి ఇరవైనాలుగు రోజులు. రోజుకో మాత్ర, ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంటే అందరిలాగే బతకొచ్చని డాక్టరు చెప్పారు. (అందరూ ఎలా బతుకుతున్నారని నేను అడగలేదు. ఆయన అప్పటికే అలసిపోయి ఉన్నారు.)

చికిత్స కేంద్రంలో చేరడం సులువే. పదకొండు పేజీల ఫారం. 'ఎలా వచ్చింది?' అన్న గడిలో నలభై అక్షరాలకి మించి పట్టవు. 'మనిషి వల్ల' అని రాసి, మిగతా చోటు కేంద్రానికే వదిలేశాను. గోప్యత విషయంలో మాత్రం వాళ్లు నిప్పు. పేరు పెట్టి ఎవర్నీ పిలవరు. "ఆకుపచ్చ ఫైలు, నీలం చున్నీ, మొన్న మెట్ల మీద వాంతి చేసుకున్న అమ్మాయి, రావాలమ్మా!" అని మైకులో పిలుస్తారు. హాల్లో ఉన్న అరవైమందికీ నా పేరు ఇప్పటికీ తెలీదు.

మందు పడకపోతే చెప్పుకోవడానికి యాప్ ఉంది. నా ఉద్యోగం యాప్‌లలో తప్పులు వెతకడం కాబట్టి దీన్ని ముచ్చటగానే తెరిచాను. నియమం పద్నాలుగు ప్రకారం, తల తిరుగుడుని తల తిరుగుతుండగానే నమోదు చేయాలి. తిరగడం ఆగాక చెబితే అది జ్ఞాపకం కిందికి వస్తుంది, లక్షణం కిందికి రాదు. నమోదు చేసేది మనిషేనని రుజువు చేయడానికి, తెర మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్కని వేలితో పట్టుకోవాలి. నేను ఆరుసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. ఏడోసారి యాప్‌కే జాలేసి 'ఆరోగ్యంగా ఉన్నారు' అని రాసేసుకుంది. వికారానికి 'కొంచెం', 'మధ్యస్థం', 'విపరీతం' అని మూడు మీటలు. 'విపరీతం' నొక్కితే యాప్ మూసుకుపోతుంది. (సర్వర్‌ది సున్నితమైన మనసు.)

యాప్‌లోని నలభైరెండు తెరలూ చేయలేని పని కేంద్రంలోని కౌన్సిలర్ మేడమ్ మజ్జిగలా ఒక్క గుక్కలో చేసేశారు. "ఖాళీ కడుపుతో వేసుకోకు. నిద్ర పట్టకపోతే పొద్దుటికి మార్చుకో. రెండు మూడు వారాల్లో ఈ గోలంతా తగ్గుతుంది. తగ్గకపోతే నా దగ్గరికి రా, మందు మార్చే దారులున్నాయి. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు తల్లీ. మధ్యలో తెగిందంటే వైరస్ తెలివి మీరుతుంది, మందుకి లొంగదు." ఈ సలహా ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు. దానికి కాలమ్ లేదు.

ఇక మిగిలింది ఇల్లు. కేంద్రం ఇచ్చే మాత్రల డబ్బా సంచిలో పెట్టుకుని నడిస్తే గిలక్కాయలా మోగుతుంది. ఉన్నది అమ్మా నేనూ, రెండు గదులు. అమ్మ చెవులు మామూలు చెవులు కావు, పక్కవాటాలో పోపు పడితే ఆవాలు మాడాయో లేదో చెబుతుంది. అందుకని నాలాంటి బుద్ధిమంతులంతా చేసే పనే నేనూ చేశాను. మాత్రలన్నీ ఖాళీ అయిన జుట్టు విటమిన్ డబ్బాలోకి మార్చి, మోగకుండా పైన దూది కుక్కాను. రోజూ పొద్దున దూది ఎత్తడం, ఒకటి అరచేతిలోకి రాల్చుకోవడం, దూది కుక్కడం. లోపలికి చూసింది లేదు.

ఇరవైనాలుగో రోజు మాత్ర మింగేసి, రెండో నెల మందులకని బయల్దేరాను. మిగిలినవి అక్కడ లెక్క చూపించాలి కాబట్టి, ఉన్నవన్నీ అసలు డబ్బాలోకి వంపేసి బస్సు కోసం పరిగెత్తాను. వంపేటప్పుడు చప్పుడు తక్కువైందనిపించింది గానీ, చప్పుడు తక్కువైతే కంగారుపడే ఇల్లు కాదు మాది.

కౌంటర్లో లెక్కల సార్ ఉంటారు. నీలం ట్రేలో మాత్రలు పోసి, స్కేలుతో జరుపుతూ లెక్కపెట్టడం ఆయన వృత్తి. నావి ఒకసారి జరిపారు. రెండోసారి జరిపారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ జరిపారు.

"ముప్పై ఇచ్చాం. ఇరవైనాలుగు రోజులు. ఆరు మిగలాలి. రెండున్నాయేంటమ్మా?"

"రోజుకి ఒకటే వేసుకున్నాను సార్."

"మరి నాలుగు ఎక్కువెలా మింగావ్?"

"నేను మింగలేదు సార్."

"నువ్వు మింగకపోతే మేమేమన్నా మింగామా?"

ఆయన కంప్యూటర్లో అంకెలు కొట్టారు. మందు తీసుకోవడంలో నా క్రమశిక్షణ నూట పదహారు శాతం. (దశాంశాలు కత్తిరించారు.) తొంభై అయిదు దాటితే తెర మీద నవ్వు మొహం వస్తుందనీ, దానికోసం జనం తపస్సు చేస్తారనీ నాకు తెలుసు. నూరు దాటితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. తెర ఎర్రబడింది. నా పేరు మీద మందుల నిల్వకి తాళం పడింది. అదనంగా మింగినవారు ఎవరో తేలేదాకా కొత్త డబ్బా ఇవ్వకూడదట. చేతిలో రెండు మాత్రలు. అంటే రెండు రోజులు. మూడో రోజు నుంచి వైరస్‌కి తెలివి మీరడానికి అనుమతి.

కౌన్సిలర్ మేడమ్ నన్ను పక్కకి తీసుకెళ్లి ఒకటే అడిగారు. "ఈమధ్య మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

నాలుగు రోజులుగా అమ్మకి తల తిరుగుతోంది. తిండి సహించట్లేదు. పొద్దున్నే కలలు చెబుతోంది. నిన్నటి కలలో, పోయిన మా పెద్దత్త లిఫ్టు నడుపుతూ "నీకు పై అంతస్తు లేదు, దిగవే" అందట.

మేడమ్ కల మొత్తం శ్రద్ధగా విని, నిపుణురాలిలా తల ఊపారు. "మా మందు కలే. వేసుకున్నవాళ్లందరికీ ఇలాంటివే వస్తాయి."

ఇంటికెళ్లి అడిగాను. అమ్మ దాచలేదు.

"నువ్వు ఆఫీసుకి పోయాక రోజుకోటి వేసుకున్నా. అయితే ఏంటి? దువ్వెన నిండా నా జుట్టే. ఇంట్లో జుట్టు మాత్రలు పెట్టుకుని తల్లికొకటి ఇవ్వవు. పోనీ నీ జడేమన్నా తాడులా ఉందా అంటే, అదీ లేదు."

"అమ్మా, అవి జుట్టు మాత్రలు కావు."

"మరి దేనివే?"

చెప్పాను. ఇరవైనాలుగు రోజులుగా మనసులో అనుకున్న వాక్యం చాలా పెద్దది. బయటికొచ్చింది నాలుగు మాటలు.

అమ్మ దువ్వెన అందుకుని, అందులో వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరింది. ఏరుతూనే అడిగింది.

"ఈ తల తిరుగుడుతోనే బస్సెక్కావా?"

"ఊఁ."

"ఈ కడుపులో తిప్పుడుతోనే ఆఫీసుకెళ్లి కూర్చున్నావా?"

"ఊఁ. ఇప్పుడు తగ్గిందిలే."

"నాలుగు మాత్రలకే నేను గోడ పట్టుకు నడిచానే. దొంగముండా, నోరు లేదుటే నీకు? పక్కగదిలో నేను చచ్చానా?"

తర్వాత అరగంట సాగింది గానీ ఇక్కడ అచ్చు వేయదగ్గవి అవే.

మర్నాడు అమ్మ నాకంటే ముందే చెప్పులేసుకుంది. కౌంటర్ దగ్గర లెక్కల సార్ ముందు నిలబడింది.

"ఆ నాలుగూ నేనే మింగాను బాబూ. రాసుకో."

"మీరు పేషెంటా అమ్మా?"

"తల్లిని."

"పేషెంటు కానివాళ్లు మింగే అవకాశం సిస్టమ్‌లో లేదమ్మా."

"మింగేశాక అవకాశమేంటి నాయనా? లేదంటే కక్కమంటావా?"

దీనికి నియమం ఏదీ దొరక్క, సార్ 'అదనపు మింగుడు నివేదిక' అని తెల్లకాగితం మీద తన చేత్తోనే శీర్షిక రాసి, కింద గీత గీసి, అమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. ఎందుకైనా మంచిదని మేడమ్ అమ్మకి రక్తపరీక్షలు రాసిచ్చి, జుట్టుకి వేరే డాక్టరు పేరు చెప్పారు. ఇక తాళం తీయడానికి ఒక్క గడి మిగిలింది: 'విషయం తెలిశాక కుటుంబం స్పందన'. సార్ తెర మావైపు తిప్పారు, నాలుగు మీటలున్నాయి: ఏడ్చారు. తిట్టారు. మాట్లాడటం మానేశారు. ఇంట్లోంచి పొమ్మన్నారు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ఇందులో నాది లేదు. సరే, 'తిట్టారు' పెట్టు. అబద్ధం కాదుగా."

సార్ నొక్కారు. తెర పచ్చబడింది. కొత్త డబ్బా, ముప్పై మాత్రలు, మోగుతూ నా చేతికొచ్చాయి. అమ్మ దాన్ని లాక్కుని తన సంచిలో వేసుకుంది.

వృత్తి ధర్మంగా నేను ఊరుకోలేక, "ఆ జాబితాలో ఒకటి తక్కువైంది సార్, పైవాళ్లకి రాయండి" అన్నాను.

"ఉండేదమ్మా. 'వెంట వచ్చారు' అని," అన్నారు సార్, తర్వాతి ఫైలు తెరుస్తూ. "నాలుగేళ్లలో ఎవరికీ నొక్కే పని పడలేదు. చోటు దండగని పోయిన నెలే తీసేశారు."