హానుస్‌కు రెండేళ్ళు ముందే నిండిన యాభై

"ఈ రోజు ఆఫీసులో గాలం వేస్తున్నా," అన్నాడు హానుస్, గురువారం ఉదయం కాఫీ తాగుతూ. కుళాయి చప్పుడులో అతని భార్య రాన్వాకు "గాలం" ఒక్కటే వినబడింది. మారుమాట లేకుండా వానకోటూ, రబ్బరు బూట్లూ, చేపలు కోసే కత్తీ తెచ్చి బల్లమీద పెట్టింది. ఫారో దీవుల్లో గాలం అన్నవాణ్ణి ఎందుకని అడగరు, ఎన్నింటికి వస్తావని అడుగుతారు.

"చేపలకు కాదు, మనుషులకు."

"మనుషులకైతే ఈ కత్తి చాలదు. పెద్దది తెమ్మంటావా?"

హానుస్ నవ్వే స్థితిలో లేడు. క్లాక్స్‌విక్ రేవులో, వలలు దాచే కొట్టు మీది అంతస్తులో అతని ఆఫీసు. చేపల కంపెనీల కంప్యూటర్లలో దొంగలు దూరకుండా కాపలా కాయడం అక్కడి పని. ఒకప్పుడు ఆ పనంతా సముద్రం అవతల, వాళ్ళ పెద్ద కంపెనీ ఉన్న కోపెన్‌హేగన్‌లోనే జరిగేది. "మా ఊరివాళ్ళకే నేర్పిస్తాను" అని హానుస్ పట్టుబట్టి, ఆరుగురు స్థానికులను ఏడాదిపాటు తీర్చిదిద్దాడు. శుక్రవారం ఉదయం పెద్ద కంపెనీ నుంచి ప్రేబెన్ లారిట్సెన్ పరీక్షకు వస్తున్నాడు. ఆయన పెదవి విరిస్తే కాపలా పని మళ్ళీ సముద్రం దాటుతుంది, ఆరుగురూ కూలికోసం మళ్ళీ చేపల ఫ్యాక్టరీ గడప దాటుతారు.

వలలు అల్లినవాళ్ళు అంతర్జాలపు వలలో పడరని నిరూపించాలి. జాలంలో పడ్డవాళ్ళమీద కోపెన్‌హేగన్‌కు జాలి ఉండదు. అందుకే హానుస్ దొంగలు రాసినట్టే ఒక దొంగ మెయిల్ రాశాడు. "శుక్రవారం నాకు యాభై నిండుతాయి. పది గంటల నుంచి ఆఫీసు తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. వచ్చేవాళ్ళు ఇక్కడ నొక్కి, పేరూ పాస్‌వర్డూ రాయండి." నిజానికి అతనికి నలభై ఎనిమిదే. అయినా ఎరకు నిండు అంకె కావాలి కదా. 'ఆఫీసు అందరూ' అనే జాబితాకు దాన్ని పంపి, ఎవరు నొక్కారో తనూ చూడకుండా ఊరుకున్నాడు. ఫలితం ప్రేబెన్ ఎదుటే గోడమీద వెలగాలని అతని ముచ్చట.

ముచ్చటలో మునిగి ఊరి ఆచారం మరిచాడు. అక్కడ యాభై, అరవై లాంటి నిండు పుట్టినరోజుకు పిలుపులుండవు. తలుపులు తెరిచి ఉన్నాయని విన్నవాడల్లా వస్తాడు. విని రాకపోతే తప్పు. పాపం హానుస్ రేడియోకు చెప్పడం మరిచాడనుకుని, ఆరుగురిలో ఎవరో పుణ్యాత్ములు రేడియోవాళ్ళకూ ఫోను చేశారు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు హానుస్ వచ్చేసరికి మెట్లనిండా బూట్లే. పది కాకముందే లోపల అరవైమంది. ఎండబెట్టిన గొర్రె మాంసం వాసన గదిలోకి ముందే వచ్చి కూర్చుంది. యంత్రాల గదిలో, వెచ్చగా ఉంటుందని, కేకు డబ్బాలను సర్వర్ల మీద పేర్చారు. జనం మధ్య నుంచి అతని తల్లి మాలన్, ఎర్రటి రుబార్బు కాడల కేకు పట్టుకుని నిప్పులు కక్కుతూ వచ్చింది.

"నా కొడుక్కి యాభై వచ్చాయని నాకు చేపల కొట్టువాడు చెప్పాలా?"

"అమ్మా, అది..."

"నేనే లెక్క తప్పానేమోనని పాదిరిగారి దగ్గరికి పోయి బాప్తిస్మం పుస్తకం తీయించాను. అందులో నలభై ఎనిమిదే ఉంది. పుస్తకమే తప్పయి ఉంటుందన్నారాయన."

"నా ముందువాళ్ళ చేతిరాత అంత బాగుండదు," అన్నాడు పక్కనే ఉన్న పాదిరి, కేకు నములుతూ.

అంతలో ప్రేబెన్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో రంగుకాగితం చుట్టిన పొట్లం ఉంది. ఆయన చూపు మాత్రం యంత్రాల గది మీదికే పోయింది.

"ఈ గదికి తాళం లేదా, హానుస్ గారూ?"

"ఉందండీ."

"మరి వీళ్ళెలా వెళ్ళారు?"

"తాళంచెవి ఎక్కడ ఉంటుందో ఊరందరికీ తెలుసండీ."

ఆ క్షణంలో హానుస్‌కు సిగ్గే మిగిలింది. ఉన్న పరువైనా దక్కించుకుందామని తడబడుతూ కంప్యూటరు దగ్గరకు నడిచి, ఫలితం తెర వేశాడు. గోడమీద పెద్ద అక్షరాలు వెలిగాయి. నొక్కినవారు: ఒక్కరు.

పేరు రాకముందే హానుస్ కళ్ళు ఆరుగురిలో ఒకరైన టోరాను వెతికాయి. ఆమె ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీలో చేపలు కోసి, యాభై ఆరో ఏట ఈ విద్య నేర్చుకుంది. తరగతిలో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఆమే.

"టోరా అక్కా," అన్నాడు అందరి ముందూ, "అంత చెప్పినా నొక్కావా?"

టోరా చేతిలో మీగడ పూసిన కేకు ముక్క అలాగే ఆగింది.

"నేనెందుకు నొక్కుతాను నాయనా? తలుపులు తెరిచిన ఇంటికి వస్తున్నానని ఎవడైనా ముందుగా కబురంపుతాడా? చెప్పకుండా రావడమే కదా మర్యాద. అదీకాక, నీకు యాభై అని చదవగానే ఇదేదో దొంగ కాగితమనుకున్నాను. నువ్వూ నా చిన్న తమ్ముడూ ఒకే బెంచీ. సరే, కేకుంటే ఉంటుందని వచ్చాను."

మిగిలిన ఐదుగురూ తలలూపారు. వాళ్ళెవరూ లంకె నొక్కలేదు, కేకులే నొక్కేశారు. హానుస్ ముఖం రుబార్బు రంగుకు తిరిగింది. సరిగ్గా అప్పుడే గోడమీద పేరు వెలిగింది: ప్రేబెన్ లారిట్సెన్.

పోయిన నెలలో కోపెన్‌హేగన్‌వాళ్ళు ఆయన్ను కూడా 'ఆఫీసు అందరూ' జాబితాలో చేర్చిన సంగతి హానుస్‌కు తెలియదు.

"మా ఊళ్ళో వస్తున్నానని చెప్పడం మర్యాద," అన్నాడు ప్రేబెన్ సన్నగా, పొట్లం వెనక్కి దాచుకుంటూ.

హానుస్ పాస్‌వర్డు అడిగే ఆ పేజీని హడావిడిగా రాశాడు. టైపు చేసినదాన్ని చుక్కలతో దాచడం మరిచాడు. పేరు కింద పాస్‌వర్డు కూడా తెల్లగా వెలిగింది. గోడమీద ఏదైనా కనబడితే చదవడం, చర్చి గోడమీది పాటల అంకెలు చదివి వినిపించే పాదిరిగారికి ఆదివారాల అలవాటు. ఆయన నిండు గొంతుతో చదివాడు: "చిట్టెలుక, పందొమ్మిది వందల అరవై ఒకటి."

అరవైమంది ప్రేబెన్ వైపు చూశారు. ఆయనను ఇంట్లో ఏమని పిలుస్తారో ఎవరూ అడగనక్కరలేకపోయింది.

టోరా కేకు ముక్క హానుస్ చేతిలో పెట్టి, వేళ్ళు గౌనుకు తుడుచుకుని తన కుర్చీలో కూర్చుంది. "తెర ఆపెయ్యి నాయనా," అంది. "సారూ, ఈ పాస్‌వర్డు ఇంకెక్కడ వాడతారు?"

"అన్నిచోట్లా."

"జీతాల పట్టీకి?"

"అవును."

"మొత్తం కంపెనీ తాళాలకు?"

ప్రేబెన్ తలూపాడు. టోరా అడగడం మానేసింది. ఆమె ఒక్కొక్క ఖాతా మూసుకుంటూ పోతే, పక్కవాళ్ళు లోపలికి ఎవరైనా వచ్చారేమో ఒక్కొక్క చిట్టా వెతికారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు, ఎవరి పని వాళ్ళకు తెలుసు. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ హానుస్ కేకు పట్టుకుని నిలబడ్డాడు. ఏడాదిగా తను నేర్పిందంతా కళ్ళెదుట జరుగుతోంది, తను మాత్రం దాన్ని నమ్మలేక గాలం వేశాడు. ఆ గాలం ఇప్పుడు తన గొంతులోనే దిగింది.

"వీళ్ళందరికీ సంగతేమిటో చెప్పండి," అన్నాడు ప్రేబెన్, నుదురు తుడుచుకుంటూ.

హానుస్ చెప్పాడు. మెయిలు దొంగదని, పుట్టినరోజు అబద్ధమని, తన ఆరుగురినీ పరీక్షించడానికే రాశానని, అమ్మతో సహా అందరికీ వినబడేలా చెప్పాడు. "టోరా అక్క మీద నింద వేశాను. అది అన్నిటికన్నా పెద్ద తప్పు," అన్నాడు చివర, నేల చూపులు చూస్తూ.

"అంటే నలభై ఎనిమిదేనన్నమాట," అంది మాలన్. "పాదిరిగారూ, పుస్తకానికి క్షమాపణ చెప్పండి."

"నాకు మాత్రం ఏం చెప్పక్కర్లేదు," అంది టోరా, తెర మీంచి చూపు తిప్పకుండా. "నా కేకు ఇలా ఇయ్యి."

కాపలా పని క్లాక్స్‌విక్‌లోనే ఉండాలని ప్రేబెన్ ఆ సాయంత్రమే నివేదిక రాశాడు. ఆయన ఖాతా ఇంకా తెరుచుకోలేదు కాబట్టి కాగితం మీద చేత్తో రాసి, కవర్లో పెట్టి, స్వయంగా పట్టుకెళ్ళాడు.