ఉప్పు కోట గైడు

ఆ శనివారం పొద్దున చిజురు వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్తకు అన్నం, ఊరగాయ పెట్టి, సోయా పనీరు తోఫుకు వెళ్తున్నానని చీటీ రాసిపెట్టి తొమ్మిదింటికి ఇంట్లోంచి బయటపడాలి. వంతెన దాటి యహాతా పుస్తకాల షాపుకు వెళ్లి ‘ఉప్పు కోట’ అనే వీడియో గేముకు అచ్చేసిన గైడు కొనాలి. దాన్ని సంచి అడుగున పెట్టి, పైన తోఫు పెట్టుకుని, పదింటికల్లా ఇంట్లో ఉండాలి. ముప్పయ్యేళ్లు బడిలో పిల్లలకు వంట చేసి రిటైరైన తను ఒక పుస్తకం కొనడానికి ఇంత దొంగచాటుగా వెళ్లాల్సి రావడం ఆమెకే చిరాగ్గా ఉంది. కానీ అక్కతో కుదిరిన ఒప్పందం అలాంటిది.

ఆ ఒప్పందానికి కారణం ఒక ఇనుప కెటిల్. తల్లి పోయినప్పుడు గోరంత గొడవ కూడా లేకుండా అన్నీ పంచుకున్న అక్కచెల్లెళ్లు ఆ కెటిల్ దగ్గర ఆగిపోయారు. “ప్రస్తుతానికి నా దగ్గర ఉంచుతాలే” అని అక్క మసుయో పట్టుకెళ్లి ఆరేళ్లయింది. కిందటి శరత్కాలంలో బుర్ర చురుగ్గా ఉంటుందని ఇద్దరూ చెరో గేము మెషీను కొనుక్కున్నారు. అప్పుడు మసుయోయే అంది, “ఉప్పు కోట ఎవరు ముందు పూర్తి చేస్తే వాళ్లదే కెటిల్.” క్యాలెండరు కాగితం వెనక రెండు షరతులు రాసి, ఇద్దరూ సంతకాలకు బదులు తమ పేర్ల ముద్రలు వేశారు. ఇంటర్నెట్టు చూడకూడదు. ఎవరినీ అడగకూడదు.

చిజురు ఆ కోటలో నాలుగో తలుపు దగ్గర నలభై ఒక్క రోజులుగా నిలబడి ఉంది. తాళం చెవులన్నీ పెట్టింది, తన్నింది, దీపం వెలిగించింది, ఆర్పింది. తలుపు కదల్లేదు. నిజం చెప్పాలంటే, ఒకరోజు విసిగిపోయి ఇంటర్నెట్టు కూడా చూసింది. ఒక వీడియోలో ఎవరో కుర్రాడు పద్నాలుగు నిమిషాల సేపు తన పిల్లి గురించీ కొత్త హెడ్‌ఫోన్ల గురించీ మాట్లాడి, సరిగ్గా తలుపు ముందుకొచ్చి సెలవు తీసుకున్నాడు. ఇంకోచోట నాలుగో తలుపు అన్న చోట ‘వివరాలు తెలియాల్సి ఉంది’ అని రాసి ఉంది. దాంతో ఏమీ తెలియలేదు కాబట్టి అది చూసినట్టు కాదని ఆమె తీర్మానించుకుంది. పుస్తకం సంగతంటారా, ఒప్పందంలో ఆ మాటే లేదు.

గైడు మాట ఎత్తగానే షాపు యజమాని యహాతా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని తల అడ్డంగా ఊపాడు.

“ఈ రోజుల్లో గేము గైడ్లు ఎవరు కొంటున్నారమ్మా? ఒక్కటే తెప్పించాను. అదీ మూడు వారాల కిందట ఎవరో ఫోన్ చేసి తమ పేరున ఉంచమన్నారు కాబట్టి.”

“ఎవరు?”

“అలా చెప్పకూడదండీ.”

అది గల్లా వెనక అరలో కనిపిస్తూనే ఉంది. ఆరువందల నలభై పేజీలు, ఇటుకంత మందం. చిజురుకు ఏడుపొచ్చినంత పనైంది. ఉత్త చేతుల్తో పోవడం ఇష్టంలేక ఒక అల్లికల పత్రిక తీసుకుని, షాపు కార్డు ఇచ్చింది. యహాతా కార్డు మీద పేరు చూసి కళ్లద్దాలు దించాడు.

“ససమోరి చిజురుగారంటే మీరేనా? పుస్తకం పెట్టమంది మీరేగా! మీ పేరే రాసుకున్నాను చూడండి. మరి ఇంతసేపూ నన్నెందుకండీ పరీక్షిస్తున్నారు?”

చీటీ మీద నిజంగానే ఆమె పేరుంది. చిజురు రెండువేల ఎనిమిదివందల యెన్లు కట్టి, పుస్తకం తీసుకుని మంచులో బయటికి వచ్చింది. తను ఫోన్ చేయలేదు. మరి ఎవరు చేశారు? వంతెన సగం దాటేసరికి తట్టింది. కిందటి వారం తమ ముప్పై అయిదో పెళ్లిరోజు. భర్త ఇవావో మర్చిపోయాడు. ఎనిమిది రోజులుగా ఆయనకు అన్నం, ఊరగాయ తప్ప మరొకటి పెట్టలేదు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పాపం, ఆయన మర్చిపోలేదన్నమాట! కానుకకు చెప్పి, తెచ్చుకోవడం మాత్రం మర్చిపోయాడు. డబ్బు కూడా తన చేతే కట్టించాడు. ముమ్మాటికీ ఇది ఆయన పనే.

ఇవావో రిటైరైన బస్సు డ్రైవరు. వరండాలో మంచు తోసే పారకు పిడి బిగిస్తున్నాడు. భార్య నవ్వుతూ రావడం చూసి పార కింద పెట్టాడు.

“మీకెలా తెలిసిందండీ నాకిది కావాలని?”

ఏది కావాలో, తనకేం తెలిసిందో ఇవావోకు అంతుబట్టలేదు. కానీ ఎనిమిది రోజుల తరవాత భార్య నోటి నుంచి ‘మీకు’ అనే మాట వినబడింది.

“ఏదో... అనిపించింది” అన్నాడు.

మధ్యాహ్నం కాల్చిన సాల్మన్ చేప వచ్చింది, గుడ్డు అట్టు వచ్చింది, ముల్లంగి కూర వచ్చింది. కడుపు నిండిన కొద్దీ ఇవావోకు ధైర్యం పెరిగింది. పళ్లెం పక్కన ఉన్న లావుపాటి పుస్తకమే తన గొప్పదనానికి కారణమని గ్రహించాడు.

“దానికోసం మూడు షాపులు తిరిగాను తెలుసా? ఆ గడ్డకట్టిన రోడ్ల మీద!”

“అయ్యో, మీ మోకాలుతోనా!” అంటూ చిజురు ఇంకో ముక్క వడ్డించింది. “కానీ అక్కకు మాత్రం చెప్పకండి. చచ్చినా చెప్పకండి.”

అదే సమయంలో గంట మోగింది. అక్కే. ప్రతి ఆదివారం మూడింటికి వచ్చే మనిషి శనివారం ఒంటిగంటకే వచ్చింది. చిజురు పుస్తకాన్ని కొతాత్సు కిందికి తోసేసింది. కొతాత్సు అంటే అడుగున హీటరు, చుట్టూ బొంత ఉన్న పొట్టి బల్ల. చలికాలం ఇంటిల్లిపాదీ కాళ్లు అందులోనే ఉంటాయి.

మసుయో కోటు విప్పి, బొంతలోకి కాళ్లు చాపి కూర్చుంది. ముఖం కందగడ్డలా ఉంది.

“పొద్దున బయటికెళ్లావా చిజురూ?”

“తోఫుకని వెళ్లానక్కా.”

“ఏది, ఒక ముక్క పెట్టు. ఆకలేస్తోంది.”

చిజురు వంటింటి వైపు చూసింది. తోఫు తేవడం మర్చిపోయింది.

“తినేశాం” అన్నాడు ఇవావో సాయానికొచ్చి. “ఆ కొట్లో అయిపోయిందట, అందుకని.”

“అయిపోయిన తోఫును ఎలా తిన్నారు మరిదిగారూ?”

ఇవావో టీ గిన్నె ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మసుయో అడగాలనుకున్నది తోఫు గురించి కాదని చిజురుకు అర్థమైంది కానీ, మరి దేని గురించో అర్థం కాలేదు. “యహాతా షాపు వైపు వెళ్లావా?” అంది అక్క. “వంతెన అవతల మంచు బాగా ఉందటగా?” అంది మళ్లీ. ప్రతి ప్రశ్నకూ చిజురు టీ పోసింది. మసుయో నాలుగు గిన్నెలు తాగింది.

అంతలో మసుయో కాలికి ఏదో గట్టిగా తగిలింది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు కానీ, బొంత కింద పాదం దాన్ని తడిమి, అంచు పట్టుకుని, మెల్లిగా తన వైపు లాగడం మొదలుపెట్టింది. చిజురు మడమతో తొక్కిపట్టింది.

“ఈ ఏడు చలి ఎక్కువేనే” అంది మసుయో, లాగుతూ.

“ఫిబ్రవరి కదక్కా” అంది చిజురు, వెనక్కి లాగుతూ.

బల్ల మీద నారింజపళ్లు దొర్లాయి. ఇద్దరి మధ్యా కూర్చున్న ఇవావోకు ఎడమవైపు నుంచి ఒక తన్ను తగిలింది. ఎవరిదో చూడకముందే కుడివైపు నుంచి ఇంకోటి. భార్య తన్నిందంటే ఏదో చెప్పమని. వదిన తన్నిందంటే విషయం తెలిసిపోయిందని. మూడో తన్ను మోకాలికి, అదీ నొప్పి మోకాలికి తగిలేసరికి ఆయన తట్టుకోలేకపోయాడు.

“నేను కాదు!” అని అరిచాడు. “ఆ పుస్తకం నేను చెప్పలేదు! ఏ షాపూ తిరగలేదు! పెళ్లిరోజు మర్చిపోయాను, ఇప్పటికీ తారీఖు గుర్తులేదు! తన్నకండి!”

బొంత కింద పర్రుమని చప్పుడైంది. పుస్తకం రెండు ముక్కలైంది. లాగుడు ఆగింది. చిజురు భర్త వైపు తిరిగింది.

“మీరు కాకపోతే నా పేరు మీద ఎవరు చెప్పినట్టు?”

“ఆ యహాతాకు బుద్ధుందా అసలు?” అని మసుయో విరుచుకుపడింది. “పదకొండింటికి నేనొచ్చి తీసుకుంటానని చెప్పానా, వచ్చినవాళ్లకల్లా ఇచ్చేయడమేనా?”

ఆ మాట నోరు దాటాక గాని తనేమందో ఆవిడకు తెలియలేదు.

“నా పేరా?” అంది చిజురు నెమ్మదిగా. “దొంగపని నువ్వు చేస్తూ పేరు నాది ఇచ్చావా?”

“యహాతా పెళ్లాం మా పాటల బృందంలో పాడుతుంది. నా పేరిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చప్పున నీ పేరే నోట్లోకొచ్చింది. అయినా నువ్వెందుకు కొన్నావ్? నీకు ఒప్పందం లేదూ?”

“అందులో పుస్తకం అని రాసి లేదు!”

“నేనూ అదే అనుకున్నా!”

ఇక దాచేదేముంది? ముందుసగం చిజురు, వెనకసగం మసుయో బయటికి లాగారు. నాలుగో తలుపు వెనకసగంలో, ఆరువందల పన్నెండో పేజీలో ఉంది. మసుయో కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది.

“‘నాలుగో తలుపు. ఎందరో వీరులు ఇక్కడే ఆగిపోయారు. ఇక్కడి నుంచి ఏం జరుగుతుందో మీ కళ్లతో మీరే చూడండి!’”

“తరవాత?”

మసుయో పేజీ తిప్పింది. మిగిలిన ఇరవై ఎనిమిది పేజీలూ గేములో దొరికే టోపీల బొమ్మలు.

“రెండువేల ఎనిమిదివందలు!” అంది చిజురు. “మన కళ్లతో మనం చూసుకోడానికి రెండువేల ఎనిమిదివందలు!”

“అచ్చేసినవాడికి ఉత్తరం రాద్దాం. ఇవాళే. కాగితం తే!”

కాగితానికి చోటు చేయడానికి చిజురు బల్ల మీద నాలుగో తలుపు దగ్గరే ఆగి ఉన్న తన గేము మెషీను తీసి భర్త చేతిలో పెట్టింది. “పట్టుకోండి. ఏదీ నొక్కకండి, మీకు పుణ్యముంటుంది” అని చెప్పింది. ఇద్దరూ ఉత్తరంలో మొదటి తిట్టు ఏది ఉండాలో వాదించుకుంటూ పావుగంట గడిపారు. ‘దగాకోరు’ దగ్గర ఒక అంగీకారానికి వస్తుండగా ఇవావో చేతిలోంచి పెద్దగా బాజా మోగింది.

నాలుగో తలుపు తెరుచుకుంది.

“ఏం నొక్కారు?” అని అక్కచెల్లెళ్లు ఒక్కసారే లేచారు.

“ఒట్టు, ఏమీ నొక్కలేదు! కదిలితే మళ్లీ తంతారేమోనని ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. అలా ఊరికే పట్టుకున్నాను, అదే తెరుచుకుంది.”

నలభై ఒక్క రోజులు తలుపును తన్నిన చిజురు, యాభై రెండు రోజులు తన్నిన మసుయో తెరుచుకున్న ఆ తలుపును రెండేసి సార్లు చూసుకున్నారు. ఇవావో గొంతు సవరించుకున్నాడు.

“అయితే లెక్కప్రకారం ఆ కెటిల్ నాకే...”

“మా అమ్మ కెటిల్ మీకేంటండీ!” అంది చిజురు.

“మాట నోట్లోకి రానిచ్చారు గాని మరిదిగారూ, కెటిల్ చేతిలోకి రానివ్వం!” అంది మసుయో. ఆ వెంటనే చెల్లెలి వైపు తిరిగింది. “ఇలాంటివాళ్ల పాలు చేయడమేమిటే? ఆరు నెలలు నీ దగ్గర, ఆరు నెలలు నా దగ్గర. రేపే తెచ్చేస్తాను, సరేనా?”

“సరే” అంది చిజురు. ఆరేళ్ల గొడవ అరనిమిషంలో తీరింది. ఇవావో నారింజపండు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు. అక్కచెల్లెళ్లు తల పక్కన తల పెట్టి, ఒకే మెషీను మీదికి వంగి, ఇక మిగిలింది ముగింపే కదా అని బొమ్మను లోపలికి నడిపించారు.

నాలుగో తలుపు వెనక అయిదో తలుపు ఉంది.