స్టవ్వు పేలింది ఎవరి హయాంలో?

ఢిల్లీ ఆర్.కె.పురం గవర్నమెంటు క్వార్టర్సులో హైమవతి గారి పంపు స్టవ్వు పేలడం వల్ల మన ప్రజాస్వామ్యం ఎంతో బలపడింది. 1981 వేసవిలో ఓ ఉదయం ఆవిడ ఉప్మాకు ఎసరు పెట్టి పంపు కొడుతుండగా ట్యాంకు పగిలింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

కట్టు విప్పకముందే ఆవిడ నార్త్ ఎవెన్యూకు వెళ్లారు. తమ జిల్లా ఎంపీ, అధికారపక్షం భీమేశ్వరరావు గారు ఉండేది అక్కడే. ప్రతి స్టవ్వునూ పరీక్షించాకే అమ్మాలని చట్టం చెయ్యమని అడిగారు.

ఎంపీగారి కళ్లు చెమర్చాయి. "స్టవ్వెప్పుడు కొన్నావమ్మా?"

"డెబ్భై ఎనిమిదిలోనండీ."

"అదీ సంగతి! అప్పుడున్నది వాళ్ల ప్రభుత్వం. వాళ్ల పాపమే నీ చెయ్యి కాల్చింది."

పక్కనున్న పెద్దిరాజు గారు కూడా నిట్టూర్చారు. ఆయన ఆ స్టవ్వులు చేసే అగ్నిమిత్ర కంపెనీకి ఢిల్లీలో లైజాన్ ఆఫీసరు. చట్టం వల్ల కంపెనీకీ, ఎండల వల్ల ఎంపీలకూ ఇబ్బంది కలగకుండా చూడటం ఆయన ఉద్యోగం. గదిలో కొత్త కూలరు చల్లగా వీస్తోంది.

హైమవతి గారు పట్టు వదలక పక్క బ్లాకులో ఉన్న ప్రతిపక్ష ఎంపీ రాధాకృష్ణమూర్తి గారి దగ్గరికి నడిచారు. కారులో ముందే చేరుకున్న పెద్దిరాజు గారు లేచి ఆవిడకు కుర్చీ ఇచ్చారు. అక్కడి కూలరూ కొత్తదే.

"కొన్నదెప్పుడైతే ఏమమ్మా, పేలిందెప్పుడు?" అన్నారు మూర్తిగారు.

"పోయిన నెలండీ."

"మరి? ఇది ముమ్మాటికీ వీళ్ల నిర్వాకమే!"

ఏమైతేనేం, బిల్లు సభకొచ్చింది. హైమవతి గారికి గ్యాలరీ పాసు ఇప్పించిన మహానుభావుడు కూడా పెద్దిరాజు గారే. నేరం కొన్న సంవత్సరానిదా, పేలిన సంవత్సరానిదా అని సభ్యులు సాయంత్రం దాకా గొంతులు చించుకున్నారు. చివర్లో ఎవరో చిన్న సవరణ ప్రతిపాదించారు. 'పరీక్షించవలెను' అన్నచోట 'పరీక్షించవచ్చును' అని ఉండాలట. అంతవరకూ కలబడినవారంతా బల్లలు చరిచి ఏకగ్రీవంగా ఆమోదించారు.

మెట్ల దగ్గర హైమవతి గారు పెద్దిరాజు గారిని ఆపారు. "పరీక్షించవచ్చంటే, మానెయ్యనూవచ్చు కదండీ?"

"బలవంతపెడితే అది ప్రజాస్వామ్యం ఎలా అవుతుందమ్మా?" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఆవిడ ఏడవలేదు. ఇంటికెళ్లి బొగ్గుల కుంపటి మీద అన్నం వండుకున్నారు.

ఆ చలికాలంలోనే కింది వాటా రాజేశ్వరమ్మ గారి కొత్త స్టవ్వు పేలింది. జనం పోగయ్యారు. రెండు పార్టీల అభిమానులూ గుమ్మంలోనే వాదనకు దిగారు. లోపల కేకలు వినబడుతున్నాయి. హైమవతి గారు వాళ్లను తోసుకుంటూ వెళ్లి, తడిపిన గోనెపట్టా కప్పి మంటలార్పి, రాజేశ్వరమ్మ గారిని బయటికి లాక్కొచ్చారు.

జనానికి ఒళ్లు మండింది. పైవాటా దశరథ్ అందరి తరఫునా నిలదీశాడు.

"క్యా ఆంటీజీ! స్టవ్వు ఎవరి హయాంలో కొన్నదో తేలకుండానే ఆర్పేశారు? అసలు మీరు ఏ పార్టీ?"